పద్దెనిమిదో రోజు

బూడి సరస్సు మీద వాన
పక్కకి తిరిగి కురిసే సెప్టెంబరులో
క్లోరిందా వెంచుయాన్ నోటుబుక్కు తీస్తుంది.
ఎడమ పేజీలో పెట్టలు, కుడి పేజీలో పుంజులు,
మధ్యలో కుట్టు దారం.
"ఎవరికి ఎవరో రాయొద్దూ?" అంటుంది
పెళ్లిళ్ల పేరమ్మలా పెన్సిలు నాకుతూ.

వాళ్ల కోళ్లకి తోక లేదు.
చెవుల దగ్గర మాత్రం
చెరోవైపు మీసం మెలేసినట్టు రెండు కుచ్చులు.
పెట్టేవి నీలం గుడ్లు.
వంద ఉతుకులు చూసిన చొక్కా నీలం.
పగలగొట్టి చూడండి, లోపలి గోడా అదే.

అక్క ఎర్మెలిందా ఉన్నన్నాళ్లూ
పరాయి పుంజు గడప తొక్కలేదు.
కుచ్చుకి కుచ్చే. మన రకం మనది.
అలా పన్నెండు పొదగేస్తే
పద్దెనిమిదో రోజు గోరువెచ్చని నీళ్లలో
తొమ్మిది గుడ్లు ఉలిక్కిపడేవి,
మూడు ఊరికే తేలేవి.
ఎర్మెలిందా ఉరుముని తిట్టింది,
పొదిగే పెట్టని తిట్టింది,
చివరికి నా దిష్టే అంది.
రెండేళ్లు కంచె ఇవతల నుంచి
వాళ్ల పెరటి వైపు తల తిప్పకుండా ఉతికిన బట్టలారేశాను.
అయినా మూడే.

క్లోరిందా చదువు ఐదో తరగతి.
పదకొండేళ్ల పేజీలు తిరగేసి
ఒక రాత్రి కట్టెల పొయ్యి ముందు
వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి
నన్ను కేకేసింది.
"నీ దిష్టి కాదే!
అటునుంచీ ఇటునుంచీ అదే కుచ్చు వచ్చి
గుడ్డులో ఎదురుపడితే
లోపలిది ఊపిరి తీసుకోలేదు."
ఆ మాట అక్కతో అనలేదు. అప్పటికే
ఎర్మెలిందా మంచం దిగడం లేదు.

అక్క పోయిన మూడో శనివారం
తెముకో సంతకి బస్సెక్కింది.
తిరుగు బస్సులో గోనెసంచి కూసింది.
నల్ల పుంజు. మెడ నిండా రాగి.
కాళ్లకి మేజోళ్లలా ఈకలు.
వాడి జాతి పెట్టలు
కాఫీలో ముంచి తీసినట్టు గుడ్లు పెడతాయట.
అమ్మిన ఓథ్మార్ గడ్డం పట్టుకున్నంత పని చేశాడు:
"మేలుజాతి తల్లీ, పాడుచేయకు."
"పాడుచేయడానికే కొంటున్నా."

పన్నెండు పొదగేసింది. ఒకటి మొదటే మురిగింది,
అది వేరే సంగతి.
పద్దెనిమిదో రోజు గిన్నె మీద
ఇద్దరం తలలు ఆనించి చూశాం.
పదకొండూ ఉలిక్కిపడ్డాయి.
క్లోరిందా నోరు మూసుకుంది చేత్తో.

తర్వాతంతా గందరగోళమే.
ఒకటి కాకి, రెండు డేగలు, ఒకటి కౌజు,
ఏ పేరూ అతకని బూడిదవి నాలుగు.
కొన్నిటికి తోకుంది. ఒకదానికి మూడే ఈకలు,
ఎవరో మధ్యలో పిలిస్తే పని వదిలేసి వెళ్లినట్టు.
ఒక చెవికే కుచ్చున్నది ఒకటి, ఎప్పుడూ ఏదో వింటూ.
పదకొండులో ఏడు పుంజులని తేలాక
చలికాలమంతా మా రెండిళ్లలోనూ సూపే.

పోటీకి తీసుకెళ్తే
కోడిగుడ్డుకి ఈకలు పీకే ఆ పెద్దమనిషి
కళ్లజోడు తుడుచుకుని "ఏ జాతి?" అన్నాడు.
"మా పెరడు" అని రాసింది గడిలో.
బహుమతి పక్క పంజరానికి.

ఏప్రిల్‌లో మొదటి గుడ్డు.
నీలం కాదు, కాఫీ కాదు,
సరస్సు ఒడ్డున రాళ్లకి పట్టే పాచి రంగు.
తడి వేలితో రుద్దింది, పోలేదు.
మూకుడు అంచుకి కొట్టింది.
సొన జారిపోయాక పెంకు తిప్పి చూపించింది నాకు.
లోపల ఎర్మెలిందా నీలం,
చెక్కు చెదరకుండా.

పెంకు పారేయలేదు. కిటికీలో పెట్టింది బోర్లా,
మళ్లీ ఏమనుకుందో వెల్లకిలా.

ఈ సెప్టెంబరులో నోటుబుక్కు తెరిచి
పెన్సిలు నాకి, నాకి,
కుడి పేజీ ఎడమ పేజీ రెండూ వదిలేసి
దారం మీద రాసింది ఏదో. నాకు చదవడం రాలేదు.
కంచె తలుపు గొళ్లెం తీసే ఉంది.
మా తెల్ల పెట్ట అప్పుడే అటు నడుస్తోంది.