జానెడు ఖాళీ

నెల్లిమర్లలో మూలపడ్డ గోగునార గోదాంలో
గోనెసంచులు పరిచి
దాలినాయుడు మాస్టారు మాకు పడటం నేర్పుతాడు.
కొట్టడం హీరోకి
వచ్చినా రాకపోయినా నడిచిపోద్ది.

"పిడికిలికీ దవడకీ మధ్యన
జానెడు వొగ్గు బావూ.
ఆ ఖాళీ నీకు తెలవాల, కెమెరాకి తెలవకూడదు."

ఒకప్పుడు తప్పెటగుళ్ళలో అడుగు వరస మనిషి.
భుజాల మీద ముగ్గురు నిలబడి చిందేస్తుంటే
పాట తెగనివ్వనివాడు.
ఇప్పటికీ ఫైటు లెక్క ఆ దరువులోనే:
తకిట, తల తిప్పు.
తకధిమి, గాల్లోకి లే.
తాం.
తాం అంటే నేల.

నిన్న హీరో జానెడు మరిచాడు.
నా పన్ను ఊడి పీచులో పడింది.
షాట్ ఓకే, అదిరింది, అని చప్పట్లు.
నోట్లో ఉప్పగా ఉన్నా
నేనూ నవ్వాను, బేటా పెరుగుతుందని.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని
పీచులో పన్ను వెతుకుతూ, తలెత్తకుండా,
"తగిలీసింది కదా,
ఇది ఫైటు కాదు, కొట్లాట.
ఇంకోపాలి తియ్యండి" అన్నాడు.

తీశారు.
చీపురుపల్లి హాల్లో మా చెల్లెలు పోలమ్మ
చున్నీ మొహాన కప్పుకున్నది
ఆ రెండోదానికి,
ఆ తగలని దెబ్బకి.

పన్ను మాత్రం దొరకలేదు.