తీగ మంచిదే

ఏడు ఇరవైకి నెట్టు పోయింది.
పైపులైను కోసం రోడ్డు తవ్వే జేసీబీ
మా కేబులును గూడ చెట్టు వేరనుకొని పీకింది.
దేవరకొండ బస్టాండు ఎదురుంగ
నా జిరాక్సు దుకాణంల
మానిటరు మీద చిన్న చక్రం
తిరిగి తిరిగి ఆగింది.

బల్ల మీద జంగమ్మ.
ముప్పై తొమ్మిదేండ్లకు ఓపెన్ స్కూల్ల పది రాస్తుంది.
పొద్దుగాల తొమ్మిదికి తెలుగు పేపరు,
హాల్ టికెట్టు ఇంకా మబ్బులల్లనే ఉంది.
చందంపేట ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు.
"నీ ఫోన్ల లేదా బిడ్డా, నెట్టు?"
ఉంది. నాలుగు గీతలు, నిండుగ.

హాట్‌స్పాట్ పెట్టిన.
పాత కంప్యూటరు, గాలిల మాట వినే చెవి లేదు దానికి.
వైఫై ముక్క మొన్నటి వానకాలం పిడుగుకు కాలింది.
సరే, తీగతోనే ఇద్దామని
ఛార్జింగు వైరు తీసి
ఫోనును సీపీయూకు కట్టేసిన.
బ్యాటరీ బొమ్మల మెరుపొచ్చింది.
మెరుపే. వాన రాలే.

యూఎస్‌బీ టెదరింగ్ అన్న అక్షరాలు
బూడిద రంగుల పండుకున్నయి,
వేలితోని ఎంత పొడిచినా లేవయి.
ఫోను బందు చేసి తెరిచిన.
ముందల బొక్కల పెట్టింది వెనుక బొక్కల పెట్టిన.
డాటా సేవర్ తీసేసిన.
విమానం బొమ్మ నొక్కి, మళ్ల నొక్కి
ఫోనును ఒక్కపారి ఎగరేసి దించిన.

జంగమ్మ చూసి చూసి అన్నది:
"మా బోరు గూడ గిట్లనే.
మోటరు గుయ్యిమంటది, నీళ్లు రావు.
మోటరు మంచిదే అంటడు మెకానిక్కు,
కరెంటు మంచిదే అంటడు లైన్‌మెను.
మరి మందిల చెడ్డదెవరు?"

"తీగైతే మంచిదే," అన్న నేను,
"ఛార్జింగు ఎక్కుతుంది గద."

అన్నంక, నా నోట్లెనే ఆ మాట ఇరికింది.
అంగట్ల ముప్పై రూపాయలకు కొన్న తీగ.
గీటిల లోపల రెండే పోగులుంటయట,
కరెంటుకు రెండు.
మాటకు ఇంకో రెండు కావాలె.
ఇది అన్నం మోస్తది,
కబురు మోయదు.

మంచి తీగ ఎవరి తాన ఉంటది?
గోడకు అవతల, ఫోన్లు బాగుచేసే ఖాసీం తాన.

ఎనిమిది నెలలాయె మాటలు బందయి.
నా బోర్డు ఆయన బోర్డును జానెడు మూసిందని.
నా దుకాణంకు కరెంటు ఆయన మీటరుదే.
గోడకు బొక్క, బొక్కల నల్ల తీగ.
ఒకటో తారీఖు షట్టరు కింద నుంచి
కవరు తోస్త.
కవరు మీద అంకె తప్ప
మా నడుమ అక్షరం లేదు.
ఫ్యాను తిరుగుతుంది. బల్బు వెలుగుతుంది.
ఎవలన్న అడిగితే
అంతా మంచిదే అంటుంటి.

గోడ మీద గడియారం ఎనిమిది కొట్టింది.
చెప్పులు తొడుక్కోకుండనే పోయిన.
మూడే అడుగులు.

ఖాసీం స్క్రూడ్రైవరు ఆపి తలెత్తిండు.
ఎక్కడ మొదలుపెట్టాలెనో తెల్వక
తీగను చూపించిన.
రెండు వేళ్ల నడుమ నలిపి చూసిండు.
"పల్చగుంది," అన్నడు.
ఎనిమిది నెలలకు మొదటి మాట.

డ్రాయరు గుంజి, చిక్కులు విప్పి,
మందంగున్న తెల్ల తీగొకటి తీసిండు.
"ముందుగాల ఫోను అడుగుతది,
నమ్ముతవా ఈ కంప్యూటరును అని.
ఒప్పుకో."

ఒప్పుకున్న.
సీపీయూ డుంగుమన్నది.
బూడిదలకెళ్లి అక్షరాలు నల్లగ లేచినయి.

ప్రింటరు నోట్లె నుంచి వేడివేడిగ జంగమ్మ వచ్చింది,
ఫొటోల ఆమె కంటే భయంగ ఉంది.
కాయితాన్ని ఉఫ్ అని ఊదుకొని
తన పేరును వేలు పెట్టి
ఒక్కొక్క అక్షరం చదువుకున్నది,
అవతల బస్సు హారను కొట్టేదాక.
పది రూపాయలు ఇయ్య మరిచి ఉరికింది.
నేను గూడ అడుగ మరిచిన.

తెల్ల తీగ ఇంకా సీపీయూకే వేలాడుతుంది.
ఇచ్చి రావాలె.
పక్క దుకాణం షట్టరు సగం దిగింది,
కింద సందుల నుంచి వెలుతురు.
ఆ సందుల తీగ గూడ పడుతది,
తోసి రావచ్చు.

ఫ్యాను బందు చేసి
చెప్పులు దేవులాడుకుంటున్న.