ఖాళీ సీసా

నాలుగు తెమ్మన్నాను ఆరో తరగతిని.
మట్టి, నీళ్లు, గాలి,
ప్రాణమున్నదేదైనా ఒకటి.
బోర్డు మీద నాలుగు గళ్లు గీసి
ఇంటికెళ్లి నిశ్చింతగా నిద్రపోయాను.

తెల్లారేసరికి నా బల్ల నిండా
పచ్చడి సీసాలు, దగ్గుమందు సీసాలు,
అగ్గిపెట్టె ఒకటి,
ఎవరిదో మూత సరిగా పట్టని అన్నం డబ్బా.

ఏసుమణి నల్లరేగడి తెచ్చింది,
ప్రత్తిపాడు దారిలో వాళ్ల పెద్దమ్మ కౌలు చేను నుంచి.
తడిపితే వేలిని వదలదు,
ఎండితే కాలు దిగబడేంత నెర్రె విచ్చుతుంది.
"దీనికి కోపమెక్కువ టీచర్,
అయినా పత్తి పండుద్ది" అంది.
తేమను నిలిపే గుణం అని నేను రాసుకొచ్చాను.
నా వాక్యం మానేసి
ఆ పిల్ల మాటే బోర్డుకెక్కించాను.

నీళ్లు రెండు రకాలొచ్చాయి.
హైమవతివి కుళాయి నీళ్లు.
కృష్ణలో బయల్దేరి, కాలువ పట్టుకుని,
తక్కెళ్లపాడులో ఆగి, వడకట్టించుకుని,
పొద్దున్నే బిందెల వరుస ముందు
కాస్త దగ్గి, అప్పుడు పడే నీళ్లు.
జానీబాషావి పీకలవాగు నీళ్లు,
రెండు కవర్లు చుట్టి, మూతకి దారం కట్టి.
"అవి కూడా నీళ్లేనా?"
వెనక బెంచీ ముక్కు మూసుకుంది.
"మా దాదీ చిన్నప్పుడు వీటిలోనే ఈదిందంట."
ఎవరూ నవ్వలేదు.
అందరూ ఆ సీసా వైపే చూశారు,
అడుగున దాదీ ఇంకా ఈదుతున్నట్టు.

అగ్గిపెట్టెలో గొల్లభామ.
తెరిచేసరికి కదల్లేదు.
"వచ్చేటప్పుడు బతికే ఉంది టీచర్,
దారంతా గీకుతానే ఉంది" అన్నాడు చిట్టిబాబు.
ఆ నాలుగో గడిలో ఏం రాయాలో
నాకు తెలియలేదు.
అంతలో నల్లరేగడి పైన
చిన్న బెడ్డ పక్కకి ఒరిగింది.
వానపాము.
ఎవరూ పిలవకుండానే హాజరు పలికింది.

చివరికి మస్తాన్.
వాడి చేతిలో ఖాళీ సీసా.
"ఏం తేలేదేరా?"
"గాలి తెచ్చా టీచర్.
నిన్న యార్డులో టిక్కీలు దించేప్పుడు పట్టా."
క్లాసంతా గొల్లుమంది.
వాడు మూత తిప్పాడు.

మొదట ముందు బెంచీ తుమ్మింది.
తర్వాత రెండోది, ఆ తర్వాత గోడ పక్కది.
నేను చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేలోపే
ముప్పై ఎనిమిది మంది వరసపెట్టి తుమ్మి,
దగ్గి, కళ్లు నులుముకుని,
మళ్లీ నవ్వి, మళ్లీ దగ్గారు.
కనపడనిది లేనట్టు కాదని
నేను మూడు పేజీల్లో చెప్పబోయాను.
సీసా ఒక్క క్షణంలో చెప్పేసింది.

వాడొక్కడే తుమ్మలేదు.
"నీకు ఘాటు లేదేంట్రా?"
"మాకు అలవాటే టీచర్.
అమ్మ తొడిమలు తీసుద్దిగా.
తనకి రాత్రిళ్లు వస్తది దగ్గు.
పగలు రానివ్వదు."

గది నెమ్మదించింది.
గోడ మీద ఫ్యాను మాత్రం
ఆ ఘాటుని అందరికీ సమానంగా పంచుతోంది.
బోర్డు మీది గళ్లు చూశాను.
మట్టి గడిలో పురుగు,
నీళ్ల గడిలో ఓ ముసలమ్మ బాల్యం,
గాలి గడిలో ఒకామె ఊపిరితిత్తులు.
డస్టరు తీసుకుని
గీతలు మాత్రం తుడిచాను.
మాటలు ఒకదాని మీదికొకటి జరిగాయి.

బెల్లు కొట్టే ముందు చెప్పాను,
ఎవరు ఎక్కణ్ణుంచి తెచ్చారో
అక్కడే పెట్టి రావాలని.
ఏసుమణి వానపాముకి నీళ్లు చిలకరించింది.
కుళాయి నీళ్లు గేటు పక్క గన్నేరుకి పోశారు.
చిట్టిబాబు అగ్గిపెట్టెని జేబులో పెట్టుకుని
ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లాడు.
వాగు నీళ్లు వాగుకే, అంతే మర్యాదగా, దారం విప్పకుండా.

మస్తాన్ గుమ్మంలో నిలబడ్డాడు,
మూత ఒక చేతిలో, సీసా ఒక చేతిలో.
"గాలిని ఎక్కడ పెట్టి రావాలి టీచర్?"

కిటికీ వైపు చూశాను.
తెరిచే ఉంది.
అటు నుంచే వస్తోంది గాలి.