పాత నంబరు, కొత్త నంబరు

పెరంబూరులో మా ఇంటికి రెండు నంబర్లు.
పాతది పద్నాలుగు, కొత్తది ముప్ఫై ఒకటి.
కొరియర్ కుర్రాడు ప్రతిసారీ
ఎదురింటి మెట్ల మీద నిలబడి నాకు ఫోన్ చేస్తాడు.

ముందుగదిలో వైఫై.
వెనకగదిలో నా పని.
నడుమ మూరన్నర మందాన సున్నపు గోడ.
ఇల్లుగలావిడ ఆండాళమ్మగారి మామగారు కట్టించింది.
మేకు దిగినా తన ఒంట్లో దిగినట్టే అంటుందావిడ.
డ్రిల్లు మాట నేను ఎత్తలేదు.

ఆ గదిలో రెండు కంప్యూటర్లు.
ఒకటి మునిరత్నం బాబాయి ప్రెస్సు మూసేసినప్పుడు
నాకు అమ్మింది. పద్దెనిమిదేళ్ళ నాటిది.
శుభలేఖల అక్షరాలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి.
కొత్త మెషీన్‌లో పెడితే ఒత్తులు ఊడొచ్చి
పక్కవాటి నెత్తినెక్కి కూర్చుంటాయి.
రెండోది ప్రింటరుకి కాపలా.
గాలిలో పిలిస్తే రెండూ పలకవు.
చెవిలో వైరు పెట్టి చెప్పాలి.

ఇన్నాళ్ళూ ఇరవై మీటర్ల నీలం వైరు
వంటింట్లోంచి, గడప మీంచి, చాప కిందుగా.
దాటుకుంటూ బతికాం.
దసరా నాడు మా ఆడపడుచు రేవతి
పాయసం గిన్నెతో సహా దాని మీద పడింది.
తర్వాతి వానల్లో ఎలుక కొరికింది.
తొక్క ఊడి లోపలి పాయలు కనిపించాయి:
ఆరెంజి చారలది, ఆరెంజి, పచ్చ చారలది, నీలం...
ఎనిమిది పాయల జడ. విప్పాను గానీ
మళ్ళీ అల్లడం నా వల్ల కాలేదు.

రిచీ స్ట్రీట్‌లో మూడు మెట్లు దిగితే
బీరువా అంత కొట్లో ఇర్ఫాన్.
నేను తెలుగు యాస తమిళంలో అడిగితే
అతను ఉర్దూ యాస తమిళంలో జవాబిచ్చాడు.
కొత్తది అంటగడతాడనుకున్నా.
"ఇంట్లో పాత రూటర్ పడి ఉందా అక్కా?" అన్నాడు.

ఉంది. అటక మీద, ప్రమిదల డబ్బాలో,
ఒక కొమ్ము విరిగి.
కంపెనీ మారినప్పుడు
వాళ్ళు వెనక్కి కూడా అడగలేదు.

రాత్రి పదిన్నరకి మొదలెట్టాను.
వెనక చిన్న కన్నంలో పిన్ను గుచ్చి
పది లెక్కపెట్టాను, పాత సంగతులన్నీ మరిచేదాకా.
ఇక నువ్వు ఎవరికీ పంచక్కర్లేదు,
వినడం, విన్నది వైరులోకి చెప్పడం, అంతే అన్నాను.
తలుపు పైన వెంటిలేటర్‌లో కూర్చోబెట్టాను.
లైట్లన్నీ వెలిగాయి.
ఏమీ రాలేదు.

పన్నెండు దాటింది. కాఫీ మీద మీగడ కట్టింది.
అప్పుడు చూశాను.
ముందుగది రూటరు, ఇదీ
ఒకే చిరునామా చెప్పుకుంటున్నాయి.
దానికీ చివర ఒకటి, దీనికీ చివర ఒకటి.
ఏ గుమ్మంలో వెయ్యాలో తెలియక
ప్రతి మాటా ఎదురింటి మెట్ల మీదే నిలబడిపోయింది.
పాతదానికి చివర రెండు వేశాను.
నంబర్లు పంచే పెత్తనం
ముందుగదికే వదిలెయ్యమన్నాను.
అలిగినట్టు ఒకసారి ఆరిపోయి,
వెలిగింది.

మొదట వచ్చింది వ్యాసర్పాడి వాళ్ళ ఉత్తరం.
మధ్యాహ్నం నుంచి గోడ అవతలే ఉన్నట్టుంది.
"పిల్ల పేరు చరుమతి అని పడింది. చారుమతి."
చ కి దీర్ఘం పెట్టాను.
అవతల ప్రింటరు రెండుసార్లు దగ్గి
పేరు సరిచేసుకున్న కార్డు ఒకటి బయటికి తోసింది.

పొద్దున ఆండాళమ్మగారు వచ్చి
గోడంతా అరచేత్తో తడిమి చూసింది.
కన్నం లేదు.
"మరి ఎట్టా దూరిందే లోపలికి?"
వెంటిలేటర్ చూపించాను.
మీ మామగారు పెట్టించిన దారే అన్నాను.
నమ్మలేదు. కాఫీ మాత్రం తాగింది.

నీలం వైరు పారెయ్యబుద్ధి కాలేదు.
ఎలుక కొరికిన చోట ముడేసి
పెరట్లో రెండు మేకులకి కట్టాను,
మేకులు పాతవే.
ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు, దిండు గలీబులు,
పాయసం మరక పోని రేవతి ఓణీ.
ఎనిమిది రంగులూ లోపలే పెట్టుకుని
తడిబట్టల బరువుకి
కొంచెం వంగి.