తెలియని మూలం

పాత పోస్టాఫీసు దాటాక, హార్బరు వైపు దిగే రోడ్డులో
నా షాపు: ఒక బల్ల, ఒక భూతద్దం, రెండు స్టూళ్ళు.
జూన్ పద్నాలుగు, మధ్యాహ్నం.
అర్ధరాత్రికి వేట నిషేధం తీరిపోతుంది.
జెట్టీ మీద ఐసు దంచుతున్న చప్పుడు ఇక్కడిదాకా.

మైలపల్లి గురుమూర్తి ఫోను బల్ల మీద పెట్టాడు,
తూకానికి పెట్టినట్టు.
"సూడు తల్లీ, మా అక్క కొడుకు సేసింది
దీన్లోకి ఎక్కనంటంది."

మేనల్లుడు కిరీటి, కంచరపాలెం పాలిటెక్నిక్కు.
సెలవుల్లో మావయ్య పక్కన కూచుని
నీళ్ళ కింద వల చింపే రాళ్ళన్నీ అడిగి అడిగి
ఒక యాప్‌లో గుచ్చాడు, ఎర్ర చుక్కలుగా.
నలభై ఏళ్ళ చిరుగులు, అరచేతి మేర.

తెర మీద మాట వచ్చింది, చదివి వినిపించాను:
ఈ యాప్ తెలియని మూలం నుంచి వచ్చింది.
"తెలీకపోడమేటి? మా అక్క పేరు దానమ్మ.
పెదజాలరిపేటలో ఎవుల్ని అడిగినా సెప్తారు."

నవ్వాను. నవ్వి, ఆగాను.
ఇదే స్టూలు మీద, మొన్నటికి ముందు కార్తీకంలో,
గౌరీశ్వరి టీచరు కూచుంది.
కరెంటు బిల్లు అని ఎవరో పంపిన ఫైలు నొక్కింది.
అరగంటలో పీఎఫ్ డబ్బంతా పోయింది.
నన్నేమీ అనలేదు. మంచినీళ్ళు అడిగి
తాగకుండానే వెళ్ళింది.
తర్వాత ఫోనుల్లో ఈ గోడ లేచినప్పుడు
దణ్ణం పెట్టుకున్నదాన్నే నేను.

సెట్టింగుల్లోకి దిగాను, మెట్టు మెట్టుగా.
మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా? అని అడిగింది.
"డీజిలు బాకీ," అన్నాడు.
వేలు పెట్టమంది. తాళ్ళు అరగదీసిన బొటనవేలు.
మూడుసార్లు కాదంది, నాలుగోసారి ఒప్పుకుంది.
అన్నీ అయ్యాక చివర్న:
ఒక రోజు ఆగి మళ్ళీ ప్రయత్నించండి.

"అరవయ్యొక్క రోజులు ఆగినోణ్ని," అన్నాడు,
"ఇంకొక రోజు నాకో లెక్కా?
ఇయాల తప్ప."

ఫోను నా దగ్గరే వదిలేశాడు.
పోతూ పోతూ బిల్లు బుక్కు వెనక అట్ట మీద
గీసి చూపించాడు, నేనేదో పడవెక్కుతున్నట్టు:
లైట్‌హౌసు కొండ ముక్కు మీదికి రావాల,
చర్చి శిలువ క్రేను సందులోంచి కనబడాల,
ఆ రెండూ కలిసిన కాడ వల ఎయ్యకు.
"మా అయ్య సెప్పినాడు.
క్రేను కొత్తది. అప్పుడక్కడ తాడిచెట్టుండీది."

అర్ధరాత్రి ఇంజన్లన్నీ ఒక్కసారే లేచాయి.
వెనకగదిలో పడుకున్నాను,
షట్టరు చాలాసేపు వణికింది.

మర్నాడు అన్నం కలుపుకుంటుంటే
సొరుగులో ఫోను వెలిగింది.
గడువు పూర్తయింది. ఇప్పటికీ కావాలా?
ఎంగిలి చెయ్యి కడుక్కుని, కావాలి అని నొక్కాను.
మీరేనా? వేలు పెట్టండి, అంది.

వేలు ఇక్కడ లేదు.
పన్నెండు గంటల ప్రయాణం అవతల
ఉప్పునీళ్ళలో
తాడు పట్టుకుని ఉంది.