పెన్సిలు రాత

మాల్మో విమానాశ్రయం, నలభై మూడు ఫిబ్రవరి.
ఇటలీ నుంచి కొనితెచ్చిన యుద్ధవిమానానికి
మా చలి పడదు.
రెక్కలో ట్యాంకు కారుతుంది, పొద్దున్నే ఇంజను మూలుగుతుంది.
పక్కన నీలి వలయంలో మూడు పసుపు కిరీటాలు,
ఎరువు చొక్కాకు మనం కుట్టుకున్న గుండీల్లా.

సీటు వెనక రేకు విప్పాడు మెకానిక్ తూరె.
లోపల పెన్సిలుతో ఒక్క మాట: పియోవె.
ఏదో భాగం పేరనుకుని
మాన్యువలంతా వెతికాడు. లేదు.
రేవు దగ్గర ఐస్‌క్రీం అమ్మే ముసలి బెర్తొలీనిని అడిగితే
కిటికీలోంచి బయటకు చూసి చెప్పాడు:
"వాన పడుతోంది."

అంతే.
రెజ్జోలో ఎవడో
రివెట్టుకీ రివెట్టుకీ మధ్య
తలెత్తి చూసి రాసుకున్నాడు.

తూరె రేకు బిగించేశాడు. పద్దులో ఎక్కించలేదు.

మరుసటి జనవరిలో
ఆ కార్ఖానా మీద బాంబులు పడ్డాయంది రేడియో.
ఎవరివో, ఎన్నో, సరిగా వినలేదు.
ఆ మధ్యాహ్నమే, దారి తప్పిన బాంబరొకదాన్ని
ఒక్క గుండూ పేల్చకుండా
వెంటబెట్టుకుని దించింది మా విమానం.

మంచు కలిసిన జల్లులో
గుడ్డతో దాని ముక్కు తుడుస్తూ
తూరె మెల్లగా అన్నాడు, పియోవె.

అది ఎప్పటిలాగే
అతని బూటు మీద నూనె కార్చింది.