మూడు డ్యూటీల బండి

చీటీ పాడి కొన్నాం దాన్ని,
ముగ్గురం కలిసి,
పద్నాలుగు నెలలు క్యాంటీన్ టీ మానేసి.
ఆకుపచ్చ లూనా. సెకండ్ హ్యాండ్.
నంబరు ప్లేటు మీద చివరి అంకె
ఒకటో ఏడో మాకే తెలీదు.

పొద్దుటి డ్యూటీ దయామణిది,
మధ్యాహ్నం ఖైరున్నీసాది,
రాత్రి నాది.
వచ్చే మనిషి తోలుకొస్తే
పోయే మనిషి అదే బండి మీద
బ్రాడీపేట గదికి.
పెద్దాసుపత్రి సైకిల్ స్టాండులో
ఎప్పుడు కూర్చున్నా
సీటు ఇంకొకరి ఒంటి వేడితోనే ఉండేది.

వార్డు అప్పగించినట్టే బండినీ అప్పగించేవాళ్ళం:
"ఎడమ బ్రేకు లూజు.
తెల్లారుజాము నుంచీ దగ్గు.
రిజర్వులో పడింది, కనిపెట్టుకుని ఉండు."
అర లీటరు పెట్రోలుకి ఇరవై సీసీ ఆయిలు,
సిరంజితో కొలిచి మరీ.
ప్లగ్గుకి మసి పడితే స్పిరిట్ దూది.
రాత్రిళ్ళు అదే ప్లగ్గు గాజుగుడ్డలో చుట్టుకుని
ఖైరున్ దిండు కింద.
ప్లగ్గు లేని బండిని ఏ దొంగ మాత్రం ఏం చేసుకుంటాడు!

ఒకసారి నా చీర కుచ్చిళ్ళు చైను నమిలేసింది.
తెల్లచీర మీద మరక చూసి
మేట్రన్ ఎస్తేరమ్మ గారు
"ఏ రోగిదమ్మా ఇంత నల్లటి రక్తం?"

అసలు కథంతా శంకర్ విలాస్ బ్రిడ్జి దగ్గర.
సగం ఎక్కాక ఇంజను దణ్ణం పెట్టేసేది.
ఇక పెడల్ తొక్కడమే,
కుచ్చిళ్ళు దోపి, పెదవి బిగబట్టి.
పక్కనుంచి బుల్లెట్ల మీద మగాళ్ళు:
"నెట్టమంటారా సిస్టర్?"
నేను పలికేదాన్ని కాదు.
పలికితే ఊపిరి ఖర్చు.

పైకెక్కాక
కింద ఏదో రైలు, బ్రిడ్జి ఒళ్ళంతా సన్నగా వణుకు.
అక్కడ ఇంజను ఆపేసేదాన్ని.
పెట్రోలు మిగులుతుందని చెప్పేదాన్ని వాళ్ళిద్దరికీ.
అబద్ధం.
ఆ వాలులో చప్పుడు లేకుండా జారేటప్పుడు
చెవుల్లో గాలి తప్ప ఏమీ ఉండేది కాదు.
మార్చి నెలైతే గాలిలో మిరప ఘాటు,
కళ్ళ వెంట నీళ్ళు.
ఇరవై నాలుగు గంటల్లో ఆ ఒక్క నిమిషం
నన్నెవరూ "సిస్టర్" అని పిలిచేవాళ్ళు కాదు.
"అమ్మాయ్" అని కూడా.

ఖైరున్ పెళ్ళై నరసరావుపేట వెళ్ళింది.
దయామణికి మాచర్ల బదిలీ.
వాళ్ళ వాటా డబ్బులిస్తే తీసుకోలేదిద్దరూ.
మొత్తం బండి నాదే అయ్యాక
దానికి పదహారు గంటల తీరిక దొరికింది.
నిద్ర అలవాటైంది.
అప్పట్నుంచే పొద్దున్నే లేవనని మొండికేసింది.
రెండేళ్ళు చూసి
నల్లపాడు సోడాల కోటయ్యకి ఇచ్చేశాను.
ఆ తర్వాత యార్డు గేటు దగ్గర
మిరప టిక్కీ మోస్తున్న ఆకుపచ్చ లూనా ఒకటి చూశాను.
నంబరు చివర ఒకటుంది. ఏడు కాదు.
అదేనేమో. కాదేమో.
చీర మాత్రం ఆ పూట కొంచెం ఎత్తి పట్టుకుని నడిచాను.

మొన్న మోకాలి ఎక్స్‌రే వెలుగులో పెట్టి
కుర్ర డాక్టరు అడిగాడు:
"బాగా నడిచేవారా అమ్మా?"
"లేదు నాయనా, లూనా తోలాను."
అతనికి అర్థం కాలేదు,
చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

దయామణి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది,
రాత్రి తొమ్మిదికే,
డ్యూటీ మారే వేళకి.
"ఎలా ఉన్నావే?"
"దగ్గు. కుడి మోకాలు లూజు. నువ్వు?"
"రిజర్వులో పడ్డానే."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడం.
తర్వాత ఎవరో ఒకరం అంటాం,
ఈసారి నేనే అన్నాను,
"ఎక్కడం అయిపోయిందిగా,
ఇక ఇంజను ఆపెయ్. గాలి బావుంటుంది."